సొరపాలెం సముద్రం ప్రశాంతంగా ఉన్నది

మొన్న వేసవిలో సొరపాలెం దగ్గర సముద్రం ప్రశాంతంగా ఉన్నది. ఇది నా అభిప్రాయం కాదు. నాకు అభిప్రాయాలు ఉండకూడదని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పేశారు. ఇది రాష్ట్ర తీర ప్రశాంతతా సంస్థ వారి నిర్ధారణ. ఎండాకాలం మొదట్లోనే, సముద్రాన్ని ఒక్క మాటైనా అడక్కుండా, సీజను మొత్తానికీ కలిపి ఒకేసారి నిర్ధారించేశారు. రోజూ చూసి నిర్ధారిస్తూ కూర్చుంటే సిబ్బంది సమయం వృథా కదా మరి.

ఆ సంస్థలో నేను జెండా సహాయకుణ్ణి. అవుట్‌సోర్సింగు. బీచిలో ఒక స్తంభం, దాని కింద ఇనప పెట్టె, పెట్టెలో రెండు జెండాలు. సముద్రం బాగుంటే పచ్చది, బాగోకపోతే ఎర్రది. ఊళ్ళో వాళ్ళు నన్ను జెండాబాబు అనేవారు. అసలు పేరు నా భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ ఏడు పైవాళ్ళకి నక్షత్రాల పిచ్చి పట్టుకుంది. ఎక్కడెక్కడి బీచిలకో నక్షత్రాలు ఇచ్చేస్తున్నారట, మనకి ఒక్కటీ లేదట, మీటింగుల్లో తలెత్తుకోలేకపోతున్నారట. నిబంధనల పుస్తకం తెప్పించి తిరగేస్తే అందులో ఒక ముక్క దొరికింది. వేసవి మొత్తంలో ఒక్కసారి కూడా ఎర్ర జెండా ఎగరని తీరానికి ఐదు నక్షత్రాలు. ఇంకేం కావాలి! సముద్రాన్ని అదుపులో పెట్టడం కష్టంగానీ జెండాని అదుపులో పెట్టడం ఎంతసేపు? సంస్థ కార్యనిర్వాహక సంచాలకులు త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చి, ఎర్ర జెండాని మడతపెట్టించి, పెట్టెకి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

వెళ్ళేముందు నాకు విధివిధానాలు వివరించారు.

“చూడవయ్యా, జెండా అనేది సముద్రపు స్థితిని సూచిస్తుంది. జెండా పచ్చగా ఉన్న దృష్ట్యా సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టుగానే పరిగణించవలసి ఉంటుంది. అవగతమైందా?”

“అయిందండి. ఒకవేళ సముద్రం లేచిందనుకోండి?”

“లేచినట్టు నీకెలా తెలుస్తుంది?”

“కనిపిస్తుంది కదండి.”

“నువ్వు జెండా సహాయకుడివి. నీ దృష్టి జెండా మీద ఉండాలి. సముద్రం మీదకి ఎందుకు పోయింది?”

ఆ రోజు నుంచీ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. వీపుకి కాస్త గాలి తగిలేది, అదొక్కటే లాభం.

అలల ఎత్తు కొలవడానికి సంస్థ ఒక పరికరం కూడా కొన్నది. చాలా ఖరీదైనది. ఉప్పునీళ్ళు తగిలితే పాడవుతుందని దాన్ని ఆఫీసులో, ఏసీ గదిలో, గాజు బీరువాలో పెట్టారు. ఆ పరికరం నిజాయితీని శంకించడానికి లేదు. గదిలోకి ఏ రోజూ అల రాలేదు కాబట్టి అది ఏ రోజూ సున్నా తప్ప ఇంకోటి చూపించలేదు. ఆ సున్నానే రోజూ పొద్దున్న పట్నానికి పంపేవాళ్ళం. పట్నం నుంచి ‘అభినందనలు’ అని జవాబొచ్చేది.

తర్వాత మైకులో చెప్పే మాటల మీద పడ్డారు. ‘ప్రమాదం’, ‘హెచ్చరిక’, ‘వడగాడ్పు’ వంటి ప్రతికూల పదాలు సందర్శకుల మనోభావాల మీద ప్రభావం చూపుతున్నట్టు సంస్థ దృష్టికి వచ్చిందట. బదులుగా నాకు ఆమోదిత పదాలు ఇచ్చారు. అల్లకల్లోలంగా ఉంటే ‘ఉత్సాహంగా’ అనాలి. పడమర గాలి కొట్టి ఒళ్ళు కాలిపోతుంటే ‘వెచ్చని ఆతిథ్యం’ అనాలి. ఉక్కపోతని ‘సహజ ఆవిరి స్నానం’ అనాలి. రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం, చొక్కా పిండితే బిందె నిండే ఉక్కలో నిలబడి, “సందర్శకులు ఉచిత ఆవిరి స్నానాన్ని ఆస్వాదించవలసిందిగా కోరుతున్నాం” అని నేను ఈ నోటితోనే చెప్పాను. విజయనగరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఇసకలో కళ్ళు తిరిగి పడిపోతే నలుగురం మోసుకెళ్ళి సోడా తాగించాం. రిజిస్టరులో మాత్రం ‘సందర్శకులు తీరంలో విశ్రాంతి తీసుకున్నారు’ అని రాయించారు. నిజమే, పడుకునే ఉన్నాడు కదా.

ఇక్కడే నూకరత్నం గురించి చెప్పాలి.

సూరాడ నూకరత్నం సొరపాలెంలో చేపలమ్మే మనిషి. వాళ్ళాయన ఎర్రయ్య పెళ్ళయిన దగ్గర్నుంచీ గుజరాత్‌లో వీరావల్ వెళ్ళి ఎవరి బోట్లలోనో కూలికి వేటాడేవాడు. ఏడాదిలో ఇంట్లో కనిపించేది పండక్కీ పబ్బానికీ. ఈమె గంపలు మోసి, చీటీలు కట్టి, చెవుల్లోవీ మెడలోవీ అమ్మి, పోయిన ఏడు ఒక ఫైబరు తెప్ప కొన్నది. నీలం రంగు తెప్ప. తెప్ప వచ్చాక ఎర్రయ్య గుజరాత్ వెళ్ళడం మానేశాడు. ఆవిడ దృష్టిలో ఆ తెప్ప అంటే చేపలు కాదు, మొగుడు ఇంటిపట్టున ఉండటం.

ఏటా వేసవిలో వేట నిషేధం కదా. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఎవరూ సముద్రంలోకి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ తెప్పల్ని కెరటం తాకని మెరక ఇసక మీదికి లాగి పెట్టుకోవడం తాతల నాటి అలవాటు. ఆ మెరక మీద ఈసారి సంస్థ పచ్చిక వేసింది. చుట్టూ కంచె, మధ్యలో సిమెంటు డాల్ఫిన్లు. తెప్పలు దృశ్య సౌందర్యానికి భంగం కలిగిస్తున్నాయనీ, పైగా చేపల వాసన వేస్తున్నాయనీ వాటన్నిటినీ కిందికి, నీటి అంచుకి దింపించారు. అత్యవసర పరిస్థితిలో మాత్రం మెరక మీదికి తెచ్చుకోవచ్చు. అత్యవసరం అంటే ఏమిటని అడిగితే చాలా స్పష్టంగా చెప్పారు. ఎర్ర జెండా ఎగిరినప్పుడు.

రెండోరోజే నూకరత్నం నా కుర్చీ ముందు నిలబడింది.

“జెండాబాబూ, నా తెప్ప నీళ్ళమొగాన ఉన్నాది. పోటొస్తే పట్టుకుపోతాది. కంచె తలుపు కాస్త తియ్యి బాబూ.”

“ఎర్ర జెండా ఎగిరితే తీస్తానమ్మా.”

“మరి ఎగరెయ్యి.”

“తాళంచెవి సారు దగ్గరుంది. ఆయన ఇవ్వాలంటే పరికరంలో అల ఎత్తు చూపించాలి.”

“ఆ పరికరం ఏదీ?”

“ఏసీ గదిలో.”

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. “నీకు పెళ్ళాం పిల్లలున్నారేటి?” అంది.

“ఉన్నారు.”

“అదే. నేకపోతే ఇలాటి మాటలు ఎవులు సెప్తారు,” అని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. జీతం ఒకటో తారీకునే పడుతుంది కాబట్టి ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

వేసవి చివరికొచ్చేసింది. ఇంక కొద్దిరోజుల్లో వేట నిషేధం ఎత్తేస్తారనగా వాతావరణ కేంద్రం నుంచి కబురొచ్చింది. ఎక్కడో దక్షిణాన నడి సముద్రంలో పెద్ద తుఫానట, గాలి ఇక్కడికి రాదట, కెరటాలు మాత్రం వస్తాయట, పడవలు మెరక మీదికి చేర్చుకోవాలట. నేను వెంటనే త్రివిక్రమరావు గారికి ఫోను చేశాను.

“దక్షిణ సముద్రం మన పరిధిలోకి రాదు కదయ్యా.”

“కానీ ఆ కెరటాలు మన ఒడ్డుకి వస్తాయటండి.”

“ఆ మేరకు మనకి లిఖితపూర్వకంగా ఏమైనా అందిందా?”

“వాతావరణ కేంద్రం వాళ్ళు పంపారండి.”

“అది వారి అంచనా. మనది నిర్ధారణ. అంచనా కంటే నిర్ధారణ పై స్థాయిది. ఎల్లుండి నక్షత్రాల పరిశీలక బృందం విచ్చేస్తోంది. ఇలాంటి సమయంలో అనవసర భయాందోళనలు సృష్టించకు. నేనే స్వయంగా వస్తున్నాను. నా కారుని నీటి అంచునే, ఆ తెప్పల పక్కనే నిలబెడతాను. దాన్ని మించిన భరోసా ప్రజలకి ఏముంటుంది?”

అన్నట్టే చేశారు. మహానుభావుడు, మాట తప్పే మనిషి కాదు.

ఆ రోజు గాలి లేదు, మబ్బు లేదు. ఆకాశం కడిగినట్టుంది. షామియానా కింద పరిశీలకులు ముగ్గురు కూర్చుని కొబ్బరిబొండాలు తాగుతున్నారు. కొత్త తెల్ల కారు, సంస్థ ముద్రతో సహా, నీటి అంచున నూకరత్నం తెప్ప పక్కన మెరుస్తోంది. దాని వెనకాల సముద్రం మాత్రం పొంగడానికి సిద్ధమైన పాలలాగా నిండుకొస్తోంది. అది చూడ్డానికి చదువక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, మెడ తిప్పితే చాలు. పరిశీలకులు కూడా అటే చూస్తున్నారు. కానీ వాళ్ళ చేతుల్లో ఉన్న కాగితంలో జెండా రంగు అడిగారుగానీ సముద్రం గురించి అడగలేదు.

పాలెం జనం పరిగెత్తుకొచ్చేశారు. ఎర్రయ్య కంచె పట్టుకుని ఊపుతున్నాడు. నూకరత్నం తిన్నగా షామియానాలోకి వచ్చేసింది.

“బాబ్బాబూ, మీ కాళ్ళట్టుకుంతాను. తలుపు తీయించండి. నా తెప్ప పోతే నా మొగుడు మళ్ళీ గుజరాతు పోతాడు. అందరం కలిసి తెప్పల్ని మెరక మీదికి నాగేసుకుంతాం, ఓ పావుగంట!”

త్రివిక్రమరావు గారు ప్రసంగం మధ్యలో ఉన్నారు. మైకు చేత్తో మూసి, “అమ్మా, పైన చూడు. పచ్చ జెండా ఉన్నది,” అన్నారు.

“జెండా కాదు బాబూ, కింద సూడండి!”

నేను కూడా తెగించి వెళ్ళి చెవిలో, “సార్, జెండా పెట్టె తాళంచెవి ఇప్పించండి,” అన్నాను.

“కారులో ఉంది,” అన్నారు.

ఇద్దరం కారు వైపు చూశాం. దాని చక్రాలు అప్పటికే కనిపించడం లేదు.

ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. సముద్రం ఉత్సాహంగా లేచింది. షామియానా ఉత్సాహంగా కూలింది. పరిశీలకులు ముగ్గురూ ఉత్సాహంగా కొబ్బరిబొండాలతో సహా కొట్టుకుపోతుంటే పాలెం కుర్రాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు. త్రివిక్రమరావు గారు మెడలోతు నీళ్ళలో మైకు పైకెత్తి పట్టుకుని, “ఎవరూ కంగారు పడవద్దు, పరిస్థితి పూర్తిగా ప్రశాంతంగా ఉన్నది,” అంటూనే ఉన్నారు. మిగతా తెప్పల్ని మగవాళ్ళు ఎలాగోలా పక్కలకి ఈడ్చుకుపోయారు. చివరున్న నూకరత్నం తెప్పని మాత్రం కెరటం ఎత్తి కారు మీద పెట్టింది. ఇంకో కెరటం వచ్చి ఆ రెండింటినీ కలిపి తోసుకుంటూ, కంచె విరగ్గొట్టి, తీసుకెళ్ళి పచ్చికలో డాల్ఫిన్ల మధ్య నిలబెట్టింది. ముప్ఫై మంది లాగితేగానీ కదలని తెప్పని, ఎవరి సంతకమూ లేకుండా, మెరక మీదికి చేర్చేసింది.

ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. పరిశీలకులు తడిబట్టలతోనే కాగితాలు పూర్తిచేశారు. జెండా రంగు? పచ్చ. సొరపాలేనికి ఐదు నక్షత్రాలు వచ్చాయి.

నీళ్ళు తీశాక అసలు చిక్కు మొదలైంది. కారుకి బీమా రావాలంటే సముద్రం ఉగ్రంగా ఉండాలి. నక్షత్రాలు ఉండాలంటే సముద్రం ప్రశాంతంగా ఉండాలి. బీమా తరఫున ఖలీలుల్లా గారని ఒక సర్వేయరు వచ్చారు. నెమ్మదస్తుడు. పచ్చికలో నిలబడి, అణిగిపోయిన కారు టాపునీ, దాని మీద హాయిగా కూర్చున్న తెప్పనీ చుట్టూ తిరిగి చూశారు.

“సముద్రం ఎత్తిందాండీ?” అని అడిగారు.

“సముద్రం ప్రశాంతంగా ఉన్నది,” అన్నారు త్రివిక్రమరావు గారు. “అయితే, కారు నిలిపిన ఆ కొద్ది మేర మాత్రం స్థానికంగా, తాత్కాలికంగా, పాక్షిక ఉగ్రత చోటుచేసుకున్నది.”

“అంటే కారు ముందు ఉగ్రం, పక్కన తెప్ప ముందు ప్రశాంతం.”

“సరిగ్గా గ్రహించారు.”

“మరి తెప్ప కారు మీద ఉంది కదండీ. పైన ప్రశాంతం, కింద ఉగ్రమా?”

త్రివిక్రమరావు గారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. సముద్రం అంతటా ప్రశాంతమే. కారుని పాడుచేసింది సముద్రం కాదు, తెప్ప. ప్రశాంతంగా ఉన్న సముద్రం తెప్పని ఎత్తలేదు గనక ఎవరో ఎత్తి పెట్టి ఉండాలి. తెప్ప ఎవరిదో వాళ్ళే ఎత్తి పెట్టి ఉండాలి. ప్రభుత్వ వాహనం మీద అనుమతి లేకుండా పడవ నిలిపినందుకు నూకరత్నాన్ని విచారణకి పిలిచారు.

విచారణ గది బయట బంట్రోతుగా నన్నే నిలబెట్టారు. తలుపు తెరిచే ఉంది, లోపల ప్రశ్నలడిగేది త్రివిక్రమరావు గారే.

“ఈ తెప్ప నీదేనా?”

“నాదే బాబూ.”

“దీన్ని కారు మీద పెట్టింది నువ్వేనా?”

“ఓలమ్మో! నానేటి, రాకాసినా? సముద్రం పెట్టినాది.”

“ఆ రోజు సముద్రం ప్రశాంతంగా ఉన్నట్టు ఐదు నక్షత్రాలతో ధ్రువీకరించబడింది.”

“నీళ్ళు తవరి మెడదాకా వచ్చినాయి గదా బాబూ!”

“అది నా వ్యక్తిగత అనుభవం. ఫైలులోకి రాదు.”

నూకరత్నం కొంగు నడుముకి బిగించింది. తర్వాత, “సరే, నానే ఎట్టినాననుకోండి. ఇప్పుడు దించుకుపోనా? ఏట మొదలవుద్ది. అందరి తెప్పలూ ఎలిపోతాయి,” అంది.

“విచారణ ముగిసేవరకూ సాక్ష్యాన్ని కదిలించరాదు.”

“ఎప్పుడు ముగుస్తాది?”

“తగు సమయంలో.”

బయటికొచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. “గుజరాతు బోట్లకి కూలోల్ని తీసుకెల్లే మేస్త్రీ వచ్చి ఎల్లాడు. మా ఆయన సంచి సద్దుకుంతన్నాడు,” అంది. నేనేమనాలి? ఆమోదిత పదాల్లో దానికి సరిపడే మాట ఏదీ లేదు.

ఇంతలో జనం ఎగబడ్డారు. కారు మీద తెప్ప ఎక్కడైనా చూశామా? ఆటోలేసుకుని, కుటుంబాలతో వచ్చి ఫోటోలు దిగుతున్నారు. సంస్థ ఊరుకుంటుందా? సాక్ష్యం చుట్టూ రంగురంగుల తాళ్ళు కట్టి, తెప్ప ఎక్కడానికి మెట్లు పెట్టి, ‘ప్రకృతి – ప్రగతి సంగమం’ అని బోర్డు రాయించి, టిక్కెట్టు పెట్టింది. సాక్ష్యాన్ని కదిలించకూడదుగానీ ఎక్కి కూర్చోవచ్చట. నన్ను జెండా నుంచి తప్పించి టిక్కెట్ల కౌంటరులో కూర్చోబెట్టారు. ఆదాయం బాగుందని, దీన్ని శాశ్వతం చేసే ఆలోచన ఉందని త్రివిక్రమరావు గారు పత్రికల వాళ్ళతో చెప్పారు కూడా. అంటే విచారణ ఇక ఎప్పటికీ ముగియదన్నమాట.

వేట మొదలైన రోజు వచ్చింది. తెల్లవారుతుండగానే తెప్పలకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, పాలెం అంతా సముద్రంలోకి దిగింది. ఇంజన్ల చప్పుడు దూరమయ్యాక ఒడ్డు బోసిపోయింది. అప్పుడొచ్చింది నూకరత్నం. కొత్త చీర కట్టుకుంది. వెనకాల ఎర్రయ్య, భుజాన సంచితో.

“రెండు టిక్కెట్లియ్యి,” అంది.

“నీ తెప్పకి నీకు టిక్కెట్టేమిటమ్మా, నువ్వెళ్ళు,” అన్నాను.

“వద్దు బాబూ. మళ్ళీ నీ ఉజ్జోగం పోద్ది. ఇయ్యి.”

ఇచ్చాను. మొగుడూ పెళ్ళాలిద్దరూ మెట్లెక్కి తెప్పలో కూర్చున్నారు. తెప్ప ముందు భాగానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, దణ్ణం పెట్టుకుంది. మనిషికి రెండు నిమిషాలే సమయం. రెండయ్యాయి, పది అయ్యాయి. వెనకాల వరస పెరుగుతోంది. ఎవరో ఫోను చేసినట్టున్నారు, త్రివిక్రమరావు గారు కొత్త కారులో దిగారు.

“ఏమిటిది? దిగమను!”

“దిగను బాబూ,” అంది నూకరత్నం పైనుంచి. “ఏటకెల్నాం. వల నిండితే వస్తాం.”

“వేటేమిటి! ఇది పచ్చిక!”

“ఏమో బాబూ, మాకేటి తెలుస్తాది. సముద్రం ఎక్కడున్నాదో ఎలాగున్నాదో మీరే గదా సెప్తారు. తెప్ప ఇక్కడున్నాది గాబట్టి సముద్రం ఇక్కడే ఉన్నాదనుకున్నాం.”

వరసలో వాళ్ళు నవ్వారు. సారుకి ఒళ్ళు మండిపోయింది. ఎండ అలాగే ఉంది, ఉక్క అలాగే ఉంది. మొహం కందిపోయి, చెయ్యి చాపి అరిచారు.

“ఇక్కడ సముద్రం ఎక్కడుందమ్మా? సముద్రం అదిగో, అక్కడుంది!”

మొత్తం వేసవిలో ఆయన సముద్రం గురించి చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

నూకరత్నం తెప్పలో లేచి నిలబడింది. “అదే బాబూ నానూ సెప్తన్నాను. సముద్రం అక్కడుంటే నా తెప్పకి ఇక్కడేటి పని? అక్కడెట్టీండి.”

ఎవరూ నవ్వలేదు. ఎర్రయ్య సంచి కింద పడేసి, తెప్ప ముక్కుకి తాడు కట్టి కిందికి వదిలాడు. ఫోటోల కోసం వరసలో నిలబడ్డవాళ్ళు, ఆటోడ్రైవర్లు, బొండాలమ్మే మనిషి, ఖాళీ గంపలు దించి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే తాడు దగ్గరికి జరిగారు. త్రివిక్రమరావు గారు నా వైపు తిరిగి, “ఏం చూస్తున్నావ్? ఆపు వాళ్ళని!” అన్నారు.

నేను కౌంటరు కిటికీ మూసి బయటికొచ్చాను. తాడు పట్టుకోవడానికి చివర్న ఇంకా కాస్త చోటుంది.